ఎడారి చరిత్ర చూడాలంటే ఎటు వెళ్లాలి? అల్ ఐన్, మ్లైహా, షార్జా, రస్ అల్ ఖైమా మ్యూజియంల పోలిక

నవంబరు వచ్చిందంటే మా ఇంటికి ఊరి నుంచి చుట్టాల రాక మొదలవుతుంది. విజిట్ వీసా మీద వచ్చినవాళ్లకు మొదటి వారమంతా బుర్జ్ ఖలీఫా, మాల్స్, అబుదాబి పెద్ద మసీదు చూడటంతోనే గడిచిపోతుంది. రెండో వారంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఈ మేడలన్నీ నిన్న మొన్న కట్టినవే కదా, అంతకుముందు ఇక్కడివాళ్లు ఎలా బతికారు?" ఆ ప్రశ్నంటే నాకు చాలా ఇష్టం. జవాబు చెప్పడానికి నేను వాళ్లను ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తాను. ఎక్కడికన్నదే అసలు సంగతి. యూఏఈలో పురాతన చరిత్రనూ, ఎడారిలో పశువులతో తిరుగుతూ బతికిన బెదూయిన్ తెగల జీవితాన్నీ చూపించే ప్రాంతీయ మ్యూజియంలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకే కథ చెప్పవు, అందరికీ ఒకేలా నచ్చవు. తప్పుగా ఎంచుకుంటే పెద్దవాళ్లు గంటసేపు గాజు పెట్టెల ముందు నిలబడి కాళ్లు నొప్పులతో ఇంటికి వస్తారు. సరిగ్గా ఎంచుకుంటే ఆ రోజు గురించి ఊరికి వెళ్లాక కూడా చెప్పుకుంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. జీవితంలో ఒక్కసారే, ఒక్క రోజే వీలవుతుందంటే అల్ ఐన్ వెళ్లండి. సొంత కారు ఉండి, చలికాలమై, పిల్లలు వెంట ఉంటే మ్లైహా. ఒక పూట మాత్రమే ఖాళీ ఉండి, దుబాయ్‌లోనో షార్జాలోనో ఉంటే షార్జా పురావస్తు మ్యూజియం. సముద్రం, ముత్యాలు, కొండజాతుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు రస్ అల్ ఖైమా. అబుదాబిలో సాదియాత్ దీవిలోని పెద్ద మ్యూజియంలను ఈ పోలికలోకి తీసుకురాలేదు, వాటి దారి వేరు.

ఈ ఎంపికకు నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. వస్తువు, అది పుట్టిన నేల ఎంత దగ్గరగా కనిపిస్తే చూసినవాళ్లకు అంత బాగా గుర్తుంటుంది. కుండ పెంకు గాజు పెట్టెలో ఉంటే పెంకు లాగే ఉంటుంది. దాన్ని చూసి బయటికి వచ్చి, ఆ కుండలో నీళ్లు ఏ కాలువ నుంచి ముంచారో ఆ కాలువ పక్కన నడిస్తే అప్పుడు అది కుండ అవుతుంది.

పురాతన చరిత్ర వేరు, బెదూయిన్ జీవితం వేరు

ఈ మ్యూజియంలలో చాలామటుకు రెండు భాగాలు ఉంటాయి. ఒక వైపు 4,000, 5,000 ఏళ్ల నాటి సమాధుల్లో దొరికిన పూసలు, కత్తులు, కుండలు. రెండో వైపు కాఫీ పాత్రలు, ఒంటె జీన్లు, వెండి నగలు, మేక వెంట్రుకల గుడారాలు. రెండూ ఒకే కప్పు కింద ఉండటంతో చాలామంది కలిపేసుకుంటారు. మా చిన్నాన్న ఒకసారి పక్క గదిలోని కంచు బాకునూ వెండి పిడి ఖంజర్‌నూ, అంటే వంపు బాకునూ, చూసి రెండూ ఒకే తరానివి అనుకున్నారు. వాటి మధ్య దూరం 3,000 ఏళ్ల పైమాటే. బెదూయిన్ గదుల్లో కనిపించేవి ఎక్కువగా మన తాతల, ముత్తాతల కాలంవి. చమురు డబ్బు వచ్చేదాకా, అంటే 1960ల దాకా, చాలా ఇళ్లలో రోజూ వాడినవే.

ఈ రెండింటినీ కలిపే ముడి ఒంటె. గొర్రెలు, మేకలు, ఆవులు మేపుకుంటూ కొండల నుంచి సముద్ర తీరానికి, తీరం నుంచి కొండలకు తిరిగిన జనం ఇక్కడ 7,000 ఏళ్ల కిందటే ఉన్నారు. షార్జా ఎమిరేట్‌లో జబల్ బుహైస్ అనే కొండ దగ్గర వాళ్ల శ్మశానం బయటపడింది. అయితే అప్పట్లో ఒంటె అడవి జంతువు, వేటాడి తినేది. దాన్ని మచ్చిక చేసుకోవడం ఈ ప్రాంతంలో సుమారు 3,000 ఏళ్ల కిందట జరిగింది. షార్జాలో మువైలా అనే చోట ఇనుప యుగపు ఊరిని తవ్వినప్పుడు వీపు మీద జీనుతో ఉన్న మట్టి ఒంటె బొమ్మ దొరికింది. బరువు మోసి, పాలిచ్చి, రోజుల తరబడి నీళ్లు లేకుండా నడిచే జంతువు చేతికి చిక్కాకే మనిషి లోపలి ఎడారిలోకి వెళ్లగలిగాడు. ఏ మ్యూజియంకు వెళ్లినా "ఇది ఒంటెకు ముందుదా, తరవాతదా?" అని అడుగుతూ చూడండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

అల్ ఐన్: మొదటిసారి వెళ్లేవాళ్లకు

అల్ ఐన్ మ్యూజియం దేశంలోనే అన్నింటికన్నా పాతది. 1969లో మొదలై, 1971లో, అంటే దేశం ఏర్పడిన సంవత్సరంలోనే, ఇప్పుడున్న చోట భవనంలోకి వచ్చింది. పక్కనే 1910లో కట్టిన సుల్తాన్ బిన్ జాయెద్ కోట ఉంటుంది. ఏళ్ల తరబడి మూసి ఉంచి, విస్తరించి, 2025 అక్టోబరులో మళ్లీ తెరిచారు. ఆ పనుల కోసం తవ్వుతున్నప్పుడు పాత నీటి కాలువలు, ఇస్లాంకు పూర్వపు సమాధి ఒకటి బయటపడ్డాయి. మ్యూజియం కట్టుకోవడానికి చోటు తవ్వితే మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువులు దొరికే నేల అది.

నేను అల్ ఐన్‌ను మొదట పెట్టడానికి అసలు కారణం మ్యూజియం గోడల బయట ఉంది. తలుపు దాటి నాలుగు అడుగులు వేస్తే అల్ ఐన్ ఒయాసిస్. సుమారు 1,200 హెక్టార్లలో 1,47,000 ఖర్జూరపు చెట్లు. తోటల మధ్య మనిషి ఎత్తు మట్టి గోడలు, వాటి మధ్య సన్నటి నీడ దారులు. ఈ తోటను బతికించినవి అల్ ఐనీ, అల్ దావూదీ అనే రెండు ఫలజ్‌లు. ఫలజ్ అంటే కొండ పాదంలోని భూగర్భ జలాన్ని వాలు పట్టుకుని, సొరంగంలో మైళ్ల దూరం నడిపించి, తోటల దగ్గర పైకి తీసే కాలువ. పంపు లేదు, గిలక లేదు, వాలు ఒక్కటే. అల్ ఐన్ పొలిమేరల్లోని హీలీలో దొరికిన ఫలజ్ సుమారు 3,000 ఏళ్ల కిందటిది.

మా నాన్నను తీసుకెళ్లినప్పుడు ఆయన మ్యూజియంలో పెద్దగా మాట్లాడలేదు. ఒయాసిస్‌లో ఒక చిన్న పంపకం దగ్గర మాత్రం ఆగిపోయారు. జానెడు వెడల్పు కాలువ. ఒక పాయకు రాయి, దాని చుట్టూ పాత గుడ్డ కుక్కి అడ్డం పెట్టారు. రెండో పాయలో నీళ్లు వెళ్తున్నాయి. నాన్న వంగి ఆ రాయిని, గుడ్డను చూసి, "ఈ తోటకు వంతు అయిపోయింది, అవతలి తోటకు వదిలారు. మన ఊళ్లో నీరటి చేసే పని ఇదే కదా" అన్నారు. నిజంగానే ఫలజ్ నీటికి వంతులు ఉంటాయి. గంటల లెక్కన పంచుతారు. పంపకం చూసే మనిషిని అరీఫ్ అంటారు. చెరువు తూము దగ్గర తగవులు చూసి పెరిగిన మనిషికి ఆ వ్యవస్థను వేరే ఎవరూ వివరించనక్కరలేదు. ఆ తరవాత గంటన్నరసేపు నాన్నే నాకు అంతా చెప్పుకుంటూ నడిచారు.

నడవగలిగినవాళ్లకు నేను చెప్పే దారి ఇది. పొద్దున మ్యూజియంలో మొదలుపెట్టండి. అది ఒయాసిస్‌కు తూర్పు అంచున ఉంటుంది. తోటల మధ్య నుంచి పడమటి అంచుకు నడిస్తే అల్ ఐన్ ప్యాలెస్ మ్యూజియం వస్తుంది. యూఏఈ తొలి అధ్యక్షుడు షేక్ జాయెద్ 1937 నుంచి 1966 వరకు నివసించిన ఇల్లు అది. ప్యాలెస్ అన్న పేరు చూసి బంగారు సింహాసనాలు ఊహించుకోవద్దు. మట్టి గోడల లోగిళ్లు, అతిథులు కూర్చునే మజ్లిస్‌లు, కాఫీ కాచే గది. అక్కడి నుంచి కొంచెం దూరంలోనే అల్ జాహిలీ కోట. 1890లలో కట్టినది. బెదూయిన్ల జీవితం మీద ఆసక్తి ఉంటే ఈ కోటను వదలొద్దు. విల్‌ఫ్రెడ్ థెసిగర్ అనే ఆంగ్లేయుడు 1940లలో బెదూయిన్ల వెంట ఒంటెల మీద 'రుబ్ అల్ ఖాలీ' అనే మహా ఎడారిని రెండుసార్లు దాటాడు. ఆయన తీసిన నలుపు తెలుపు ఫొటోలు అక్కడ శాశ్వతంగా ప్రదర్శనలో ఉన్నాయి. ఆయనకు బెదూయిన్లు పెట్టిన పేరు ముబారక్ బిన్ లండన్. ఆయన కన్నా నాకు ముఖ్యంగా కనిపించేవాళ్లు ఆ ఫొటోల్లోని సలీమ్ బిన్ కబీనా, సలీమ్ బిన్ గబైషా అనే ఇద్దరు యువకులు. దారి వాళ్లది, నీటి బావుల జ్ఞానం వాళ్లది. చరిత్రలో ఇలాంటివాళ్ల పేర్లు సాధారణంగా మిగలవు. ఇక్కడ మిగిలాయి, ముఖాలు కూడా ఉన్నాయి. వాటి ముందు కొంచెంసేపు నిలబడండి.

సాయంత్రానికి ఓపిక ఉంటే టాక్సీలో హీలీ పురావస్తు ఉద్యానానికి వెళ్లండి. అక్కడి గుండ్రటి పెద్ద సమాధి సుమారు 12 మీటర్ల అడ్డకొలత, 4 మీటర్ల ఎత్తు. 4,000 ఏళ్లు దాటినది, రాళ్లు చెల్లాచెదురుగా దొరికితే 1974లో తిరిగి పేర్చి నిలబెట్టారు. ద్వారం చుట్టూ చెక్కిన బొమ్మల్లో రెండు ఒరిక్స్‌ల మధ్య నిలబడ్డ మనుషులు ఉన్నారు. ఒరిక్స్ అంటే పొడవాటి నిటారు కొమ్ములున్న ఎడారి జింక. సాయంకాలపు ఏటవాలు వెలుగులో ఆ గీతలు బాగా తేలి కనిపిస్తాయి, నడి మధ్యాహ్నం రాతిలో కలిసిపోతాయి. మన తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్లు అని పిలిచే పెద్ద రాళ్ల సమాధులు చూసి పెరిగినవాళ్లకు దీని ముందు ఒక పరిచితమైన భావన కలుగుతుంది. అయితే వయసులో తేడా ఉంది. మన రాక్షస గుళ్లు ఎక్కువగా ఇనుప యుగంవి, హీలీ సమాధి అంతకన్నా చాలా ముందుది. దీన్ని కట్టినవాళ్లను ఉమ్ అల్ నార్ సంస్కృతి అంటారు, క్రీస్తు పూర్వం 2600 నుంచి 2000 వరకు. మెసొపొటేమియా రాతల్లో మగన్ అని పిలిచిన రాగి దేశం ఈ ప్రాంతమే, ఒమన్‌తో కలిపి. సింధు లోయ నుంచి వచ్చిన, తెల్ల గీతలు చెక్కిన ఎర్రటి కార్నీలియన్ పూసలు ఈ కాలపు సమాధుల్లో దొరికాయి. గల్ఫ్‌కూ మన ఉపఖండానికీ రాకపోకలు విమానాలతో మొదలుకాలేదని చెప్పడానికి ఆ పూస ఒక్కటి చాలు. అల్ ఐన్ దగ్గరలోని హఫీత్ కొండ కింద ఇంకా పాతవి, సుమారు 5,000 ఏళ్ల నాటి తేనెపట్టు ఆకారపు సమాధులు ఉన్నాయి. 2011లో యునెస్కో హఫీత్, హీలీ, బిదా బింత్ సౌద్ అనే మరో పురావస్తు స్థలం, ఒయాసిస్‌లను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అల్ ఐన్‌కు ఉన్న లోపం దూరం. దుబాయ్ నుంచి 130 కిలోమీటర్ల పైచిలుకు, అబుదాబి నుంచి 160 దాకా. కారు లేనివాళ్లకు దుబాయ్‌లో అల్ గుబైబా బస్ స్టేషన్ నుంచి ఇ201 బస్సు ఉంది, అది దిగే చోటు ఒయాసిస్‌కు దగ్గరే. అంటే క్యాంపులో ఉండి వారానికి ఒక్క సెలవు దొరికే మన కార్మిక సోదరులకు కూడా ఇది అందుబాటులో ఉన్న ప్రయాణమే. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప నుంచి వచ్చి పదేళ్లు ఇక్కడ ఉండి, ఒక్కసారి కూడా ఈ తోటలో నడవకుండా తిరిగి వెళ్లిపోయినవాళ్లను నేను ఎరుగుదును. ఆ ఒక్క రోజు బస్సు ఎక్కమని వాళ్లకు చెప్పాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మ్లైహా: నేల మీద చదివే చరిత్ర

మ్లైహా షార్జా ఎమిరేట్‌లో, లోపలి ఎడారిలో ఉంది. పురావస్తు కేంద్రం 2016లో తెరిచారు. ఉమ్ అల్ నార్ కాలపు సమాధి ఒకటి భవనం పక్కనే ఉంటుంది, భవనాన్ని దాని చుట్టూ వంపు తిప్పి కట్టారు. లోపల ప్రదర్శన చిన్నదే, గంటలో అయిపోతుంది. అసలు చూడాల్సింది గైడుతో, జీపులో తిరిగే బయటి చోట్లు. పక్కనే జబల్ ఫాయా. అక్కడ సుమారు 1,25,000 ఏళ్ల నాటి రాతి పనిముట్లు దొరికాయని 2011లో పరిశోధకులు ప్రకటించారు. ఆఫ్రికా నుంచి మనిషి బయటికి నడిచిన దారి గురించి జరిగే ప్రతి చర్చలోనూ ఈ కొండ పేరు వస్తుంది. 2025లో ఫాయా ప్రాంతం కూడా యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

నాకు మ్లైహాలో నచ్చే కాలం ఇంకా తరవాతది, క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నుంచి క్రీస్తు శకం 3వ శతాబ్దం వరకు. మన దగ్గర శాతవాహనుల కాలంతో చాలావరకు కలిసి నడిచిన కాలం అది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన నాణేలు చెలామణీలో ఉన్న రోజుల్లో ఇక్కడ మ్లైహాలోనూ సొంత నాణేలు ముద్రించారు. అలెగ్జాండర్ నాణేల నమూనానే తీసుకుని, సింహం తోలు కప్పుకున్న వీరుడి తలను తమ పద్ధతిలో మలిచి, అరామిక్ అక్షరాల్లో అబియేల్ అనే పేరు వేశారు. 2021లో ఒక కుండలో 409 వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. 2015లో దొరికిన ఒక సమాధి రాయి మీద రెండు భాషల్లో శాసనం ఉంది. అందులో 'ఒమన్ రాజు' ప్రస్తావన ఉంది, కాలం క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం చివరిది. జగిత్యాల జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి ఈ సంగతి చెప్పినప్పుడు, "మా కోటిలింగాలకు నేనే ఇంకా వెళ్లలేదు" అన్నాడు. వచ్చే సెలవులో వెళ్తానని మాట ఇచ్చాడు, వెళ్లి ఫొటో కూడా పంపించాడు.

మ్లైహాలో ఒంటెలను, గుర్రాలను కూడా సమాధి చేశారు. యజమాని చనిపోయినప్పుడు ఆయన జంతువులను అక్కడికి నడిపించుకొచ్చి, ఒంటెను మోకరిల్లజేసి, గోతిలోనే చంపి పూడ్చారు. ఆ ఎముకల్లో ఒంటిమూపురం, జంటమూపురం ఒంటెల సంకరజాతివి కూడా ఉన్నాయి. ఒక గుర్రానికి బంగారు బిళ్లలు కుట్టిన కళ్లెం ఉంది. బెదూయిన్ కవిత్వంలో ఒంటె ఎందుకు కన్నబిడ్డలా కనిపిస్తుందో ఈ గోతి దగ్గర అర్థమవుతుంది.

వేసవిలో మాత్రం మ్లైహా వద్దు. నేను ఒక జూన్ నెలలో, మధ్యాహ్నం వేళ, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యను తీసుకెళ్లి పెద్ద తప్పు చేశాను. సమాధి చుట్టూ ఒక్క ప్రదక్షిణ కూడా పూర్తి కాకుండానే ఆమెకు కళ్లు తిరిగాయి. మిగతా సమయమంతా ఏసీ గదిలో కూర్చోబెట్టి మజ్జిగ తాగించాల్సి వచ్చింది. నవంబరు నుంచి మార్చి వరకే వెళ్లండి, సాయంత్రం వెళ్లి రాత్రి నక్షత్రాలు చూసి వచ్చే ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. కారు లేకుండా వెళ్లడం కష్టం. జీపు ప్రయాణం నడుము నొప్పి ఉన్నవాళ్లకు పనికిరాదు. పిల్లలకు మాత్రం ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒకప్పుడు సముద్రపు అడుగు అయిన కొండలో గవ్వల శిలాజాలు వేలితో తాకి చూస్తే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

షార్జా పురావస్తు మ్యూజియం: ఒక పూట ఉన్నవాళ్లకు

1997లో తెరిచిన ఈ మ్యూజియం ఊరి మధ్యలో ఉంది. ఎండ, దూరం, జీపు, ఏ బాధా లేదు. నేను ఇంతకుముందు చెప్పిన బంగారు కళ్లెం, జబల్ బుహైస్ శ్మశానంలో దొరికిన గవ్వల హారాలు చూడాల్సిన చోటు ఇదే. గదులు కాలక్రమంలో ఉంటాయి కాబట్టి చదువుకునే పిల్లలకు వరస బాగా పట్టుబడుతుంది. పెద్దవాళ్ల కాళ్లకు కూడా ఇది తగిన కొలత.

దీన్ని మ్లైహాతో పోల్చి ఏది అని అడిగితే, రెండూ చూసే వీలుంటే మొదట ఇక్కడికి రండి అంటాను. కళ్లెం ఊళ్లో ఉంది, గుర్రం గొయ్యి ఎడారిలో ఉంది. కళ్లెం చూసి ఆ తరవాత గొయ్యి దగ్గరికి వెళ్లినవాళ్లకు ఆ ఖాళీ నేల ఖాళీగా కనిపించదు. ఒక్కటే చూడగలిగితే, పెద్దవాళ్లతో అయితే మ్యూజియం, కుర్రవాళ్లతో అయితే మ్లైహా. బెదూయిన్ జీవితం కోసమే వెళ్లేవాళ్లకు ఇది సరిపోదు, ఇది పూర్తిగా పురావస్తు ప్రదర్శన. అలాంటివాళ్లు షార్జా పాత ఊళ్లోని వారసత్వ ప్రాంతానికి వెళ్లాలి.

రస్ అల్ ఖైమా, ఫుజైరా

రస్ అల్ ఖైమా జాతీయ మ్యూజియం పాత కోటలో ఉంది. 1960ల మొదటి వరకు పాలక కుటుంబం అందులో నివసించింది, 1987లో మ్యూజియం అయింది. గాలి గోపురం, అంటే బర్‌జీల్, ఎలా పనిచేస్తుందో దాని కింద నిలబడి తెలుసుకోవచ్చు. పైనుంచి వచ్చే గాలి ఒంటికి తగులుతుంది. షిమాల్ అనే చోటి పురాతన సమాధుల్లో దొరికినవి, జుల్ఫార్ అనే పాత రేవు వ్యాపారం నాటి వస్తువులు ఉన్నాయి. ఇక్కడ నేర్చుకోవాల్సిన పాఠం ఒకటి ఉంది: ఈ దేశంలో అందరూ బెదూయిన్లు కారు. ముత్యాల కోసం మునిగిన సముద్రపు జనం ఉన్నారు, తోటలు సాగుచేసిన ఊరి జనం ఉన్నారు, కొండల మీద వాన నీటితో గోధుమ, బార్లీ పండించిన షిహూహ్ వంటి తెగలు ఉన్నాయి. ఈ కొండవాళ్ల చేతిలో ఖంజర్‌కు బదులు పొడవాటి కర్రకు చిన్న గొడ్డలి తొడిగిన జిర్జ్ ఉంటుంది. మ్యూజియం చూశాక జజీరత్ అల్ హమ్రా అనే పాత ముత్యాల ఊరికి వెళ్లండి, జనం ఖాళీ చేసి వెళ్లిన పగడపు రాళ్ల ఇళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఫుజైరా మ్యూజియం చిన్నది. తూర్పు తీరానికి వేరే పని మీద వెళ్తే, కోటతో కలిపి చూసి రండి. అందుకోసమే అంత దూరం వెళ్లమని మాత్రం చెప్పలేను.

ఎడారి సఫారీ క్యాంపు సరిపోదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. సాయంత్రం ఇసుక తిన్నెల మీద జీపు, ఒంటె సవారీ, రాత్రి భోజనం, నృత్యం, అన్నీ ఒకే టికెట్టులో. సరదా కోసం వెళ్లండి, పిల్లలకు బాగుంటుంది. బెదూయిన్ సంస్కృతి చూశామని మాత్రం అనుకోవద్దు. అక్కడ చూపించే నడుము నృత్యం ఈ ఎడారి తెగల సంప్రదాయం కాదు, అది ఈజిప్టు వైపు నుంచి వచ్చినది. ఇక్కడివాళ్లది రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి, చేతుల్లో సన్నటి కర్రలు కదుపుతూ, పద్యం పాడుతూ ఆడే అయ్యాలా. ఒంటె మీద ప్రయాణంలో ఒకరు పాడితే మరొకరు అందుకునే పద్యాలను తగ్రూదా అంటారు. ఈ రెండూ యునెస్కో గుర్తించినవే, తగ్రూదా 2012లో, అయ్యాలా 2014లో.

బెదూయిన్ జీవితాన్ని దగ్గరగా చూడాలంటే మనుషులు పని చేస్తూ కనిపించే చోటికి వెళ్లాలి. ఏటా చలికాలం చివర్లో జరిగే షార్జా వారసత్వ దినాలకు మా అమ్మను తీసుకెళ్లాను. నేల మీద నాలుగు మేకులు కొట్టి పడుగు కట్టిన మగ్గం ముందు ఒక ఎమిరాతీ పెద్దావిడ సదూ నేస్తోంది. సదూ అంటే గొర్రె ఉన్ని, ఒంటె వెంట్రుకలు, మేక వెంట్రుకలతో బెదూయిన్ స్త్రీలు నేసే బట్ట. గుడారం పట్టీలు, ఒంటె జీను కప్పులు, సంచులు అన్నీ ఇదే. 2011లో యునెస్కో దీన్ని వెంటనే కాపాడుకోవాల్సిన కళల జాబితాలో పెట్టింది, నేసేవాళ్లు అంత తక్కువగా మిగిలారు. అమ్మ ఆ ఉన్ని అంచును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని నలిపి, "ఇది మన గొంగళే" అంది. కురుమలు నల్ల గొర్రె ఉన్నితో నేసిన గొంగళి కప్పుకుని వానలో పొలం వెళ్లిన మనిషి ఆమె. వానకు తడిస్తే పోగు ఉబ్బి నీటిని లోపలికి రానివ్వదని సైగలతో చెప్పింది. ఆ పెద్దావిడ తల ఊపి, పక్కనే వేసిన నల్లటి గుడారం కప్పును చూపించింది. బైత్ అల్ షార్, వెంట్రుకల ఇల్లు. మేక వెంట్రుకల ఆ కప్పు కూడా అంతే, ఎండలో వదులై గాలి ఆడనిస్తుంది, తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది. ఇద్దరికీ ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. అమ్మ అక్కడి నుంచి లేవడానికి అరగంట పట్టింది.

ఇక కాఫీ. ఏ మజ్లిస్‌లోనైనా మీకు కాఫీ ఇస్తే తీసుకోండి. ఇత్తడి ముక్కు పాత్రను దల్లా అంటారు, పిడి లేని చిన్న కప్పును ఫింజాన్. పోసేవారు ఎడమ చేత్తో దల్లా పట్టుకుని కుడి చేత్తో కప్పు అందిస్తారు, మీరూ కుడి చేత్తోనే అందుకోవాలి. కప్పు అడుగున కాస్తే పోస్తారు, అది పిసినారితనం కాదు. నిండా పోస్తే తొందరగా తాగి వెళ్లమన్నట్టు. కప్పు తిరిగి ఇస్తే మళ్లీ పోస్తూనే ఉంటారు, చాలనుకుంటే కప్పును అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇవ్వాలి. ఈ సంగతి తెలియక మా బావ ఆరు కప్పులు తాగాడు, ఏలకుల వాసన ఇష్టం కాబట్టి సరిపోయింది.

బయల్దేరే ముందు

వేళలు తప్పకుండా ఫోనులో చూసుకోండి. శుక్రవారం చాలా మ్యూజియంలు ఉదయం మూసి ఉంటాయి లేదా ఆలస్యంగా తెరుస్తాయి. కొన్నిటికి వారంలో వేరే సెలవు రోజు ఉంటుంది. షార్జాలో ప్రభుత్వ వారాంతం శుక్ర, శని, ఆది, మిగతా ఎమిరేట్లలో శని, ఆది, శుక్రవారం సగం పూట. రంజాన్‌లో అన్నీ మారిపోతాయి. ఒకసారి ఒక చిన్న మ్యూజియంకు గంటన్నర ప్రయాణం చేసి వెళ్తే, మేం చూడాలనుకున్న బెదూయిన్ గదులే మరమ్మతుల్లో ఉన్నాయి. అప్పటి నుంచి ఏ గదులు తెరిచి ఉన్నాయో కూడా ముందే అడుగుతున్నాను.

వివరాల పలకలు అరబ్బీ, ఇంగ్లీషుల్లోనే ఉంటాయి. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చోబెట్టి ఒక పావుగంట కథలా చెప్పండి. మ్యూజియంలో గుసగుసగా అనువదించడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. అన్నీ చూపించాలని ఆరాటపడొద్దు, ఒక పూస, ఒక కత్తి, ఒక కాలువ చాలు. స్థానిక స్త్రీలను అడగకుండా ఫొటో తీయొద్దు, మగ్గం ఎంత అందంగా ఉన్నా సరే.

రెండు సెలవు రోజులు ఉన్నవాళ్లు మొదటి రోజు సాయంత్రం షార్జా మ్యూజియం, రెండో రోజు పొద్దున్నే అల్ ఐన్ పెట్టుకోండి. కారు ఉంటే వచ్చేటప్పుడు మ్లైహా మీదుగా తిరిగి రావచ్చు, దారి కొంచెం చుట్టు. అల్ ఐన్‌లో మ్యూజియం నుంచి బయటికి వచ్చాక తిండి కోసం ఊళ్లోకి పరుగెత్తకండి. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్లి, నీళ్ల సీసా పక్కన పెట్టుకుని, తోటలో నీడ పడిన చోట కూర్చోండి. చెత్త సంచి వెంట ఉంచుకోండి. కాలువలో చెయ్యి కడగొద్దు, అవతలి తోటకు వెళ్లే నీళ్లు అవి.